డూమ్, క్వేక్ లాంటి పాత షూటర్లకు మాడ్స్ (అభిమానులు ఆటను మార్చడానికి చేసిన ఫైళ్లు) వేస్తే ఆట ఎందుకు ఆగిపోతుంది? ఏది దేంతో కలపాలి?

అనంతపురం నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. మూడో తరం ఐ3 లాప్‌టాప్, 4 జీబీ ర్యామ్, ఇంటెల్ హెచ్‌డీ 4000 గ్రాఫిక్స్. స్టీమ్‌లో డూమ్ 2 కొన్నారు. ఆయుధాలూ రాక్షసులూ మార్చే బ్రూటల్ డూమ్, కొత్త లెవెళ్ల సంపుటి ఎవిటర్నిటీ రెండూ దించుకుని ఒకేసారి జీజెడ్‌డూమ్ (డూమ్‌ను ఇప్పటి కంప్యూటర్లలో నడిపే ప్రోగ్రామ్, అంటే ఇంజిన్) మీదికి లాగి వదిలారు. ఆట మొదలైంది గానీ కొన్ని లెవెళ్లలో రాక్షసులు తేడాగా ఉన్నారు, ఒకచోట మొత్తం బిగుసుకుపోయింది. సిజిల్ అనే ఇంకో మాడ్ వేస్తే అదీ సరిగా రాలేదు. ఇది కుదిరాక క్వేక్, హాఫ్-లైఫ్ మాడ్స్ కూడా ఆడాలని ఉంది, లాప్‌టాప్ మార్చాలా అని అడిగారు.

లాప్‌టాప్ మార్చక్కర్లేదు. మీరు దించుకున్న ఫైళ్లలోనూ తప్పు లేదు. వాటిని జత చేసిన తీరులోనే తప్పుంది. ప్రతి మాడ్‌నూ ఫలానా ఆట ఫైలు మీద, ఫలానా ఇంజిన్ స్థాయికి తగ్గట్టు తయారు చేస్తారు. ఆ రెండూ సరిపోతే పదేళ్ల కిందటి లాప్‌టాప్‌లో కూడా హాయిగా ఆడుతుంది. ఒకటి తప్పినా గందరగోళమే. సొంత రాక్షసులున్న లెవెళ్ల మాడ్ ఒకటి, రాక్షసులందరినీ మార్చేసే మాడ్ ఒకటి, ఈ రెంటినీ కలపకూడదు. మీరు చేసింది సరిగ్గా అదే.

ముందు ఫైళ్ల సంగతి. డూమ్‌లో వాడ్ ఫైళ్లు రెండు రకాలు. ఆటంతా ఉండే అసలు ఫైలు ఐవాడ్. దాని మీద అతికించేది పీవాడ్. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూస్తే మొదటి నాలుగు అక్షరాల్లోనే అది ఏ రకమో రాసి ఉంటుంది. డూమ్ ఐవాడ్ 12,408,292 బైట్లు, ఇది ది అల్టిమేట్ డూమ్. డూమ్ 2 ఐవాడ్ 1.9 వెర్షన్ 14,604,584 బైట్లు. స్టీమ్‌లో కొన్న డూమ్ ఫోల్డర్‌లో ఇదే పేరుతో ఒకటి కంటే ఎక్కువ ఫైళ్లు కనపడతాయి, ఎందుకంటే కొత్త రీ-రిలీజ్‌తో పాటు పాత డాస్ కాపీ కూడా అందులోనే ఉంటుంది. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో సైజు చూసి, పైన చెప్పిన అంకె ఉన్నదాన్నే కాపీ చేసుకోండి. చాలా మాడ్స్‌ను పరీక్షించింది ఆ కాపీ మీదే.

డూమ్ కొనని వాళ్లు రెండు విషయాలు తెలుసుకోవాలి. ఉచితంగా దొరికే షేర్‌వేర్ డూమ్ మీద మాడ్స్ ఎక్కవు. రిజిస్టర్ చేసుకోమని చెప్పి ఆట అక్కడే ఆగిపోతుంది. ఫ్రీడూమ్ అనే ఉచిత ఐవాడ్ మీద మాత్రం ఎక్కుతాయి. దాని రెండో ఫేజ్ ఫైలు డూమ్ 2 స్థానంలో పనిచేస్తుంది. లెవెళ్లు ఆడుకోవడానికి అది బాగానే ఉంటుంది గానీ, ఆయుధాలూ రాక్షసుల బొమ్మలూ మార్చే మాడ్స్ వేస్తే సగం ఒక రకంగా, సగం ఇంకో రకంగా కనపడుతుంది.

ఇక సిజిల్. డూమ్ తయారుచేసినవాళ్లలో ఒకరైన జాన్ రొమెరో 2019లో ఉచితంగా ఇచ్చిన ఎపిసోడ్ ఇది. దీనికి కావాల్సింది మొదటి డూమ్ ఐవాడ్. డూమ్ 2 కాదు. డూమ్ 1లో లెవెళ్లకు ఎపిసోడ్ నంబరు, మ్యాప్ నంబరు అని రెండు అంకెలుంటాయి. డూమ్ 2లో 1 నుంచి 32 వరకు వరుస నంబర్లే. పేర్లు కలవవు, గోడల మీది టెక్స్చర్లూ కొన్ని కలవవు. అందుకే మీకు సరిగా రాలేదు. సిజిల్‌తో పాటు కంపాట్ అని పేరున్న ఇంకో వాడ్ కూడా వస్తుంది. ఐదో ఎపిసోడ్‌ను గుర్తించలేని పాత ఇంజిన్ల కోసం అది మూడో ఎపిసోడ్ స్థానంలో కూర్చుంటుంది. మీరు జీజెడ్‌డూమ్ వాడుతున్నారు కాబట్టి మామూలు ఫైలే వేయండి. రెండూ ఒకేసారి వేయొద్దు.

టెక్స్ట్ ఫైలు చదవకుండా ఏ మాడ్‌నూ తెరవొద్దు. జిప్‌లో వాడ్ పక్కనే చిన్న టెక్స్ట్ ఫైలు ఒకటి ఉంటుంది. తొంభైలలో మొదలైన అలవాటు, ఇప్పటికీ మానలేదు. అందులో మీరు చూడాల్సినవి నాలుగే వరుసలు. గేమ్ అని ఉన్నచోట ఏ ఐవాడ్ కావాలో ఉంటుంది. అడ్వాన్స్‌డ్ ఇంజిన్ నీడెడ్ అని ఉన్నచోట ఇంజిన్ స్థాయి ఉంటుంది. అదర్ ఫైల్స్ రిక్వైర్డ్ దగ్గర ఇంకేమైనా వాడ్ కలపాలా అని రాస్తారు. మే నాట్ రన్ విత్ దగ్గర దేంట్లో ఆడదో చెప్తారు. ఈ నాలుగు వరుసలు చూసినవాళ్లకు తర్వాత అడగాల్సిన ప్రశ్నలు చాలావరకు ఉండవు.

ఇంజిన్ స్థాయి అంటే ఏమిటో కాస్త వివరంగా చెప్పాలి, తికమకంతా ఇక్కడే. 1997 డిసెంబరులో డూమ్ సోర్స్ కోడ్‌ను బయటికి ఇచ్చారు. అప్పటినుంచి అభిమానులు దాన్ని రకరకాలుగా పెంచుకుంటూ వచ్చారు. అసలు డాస్ ఆటకు పరిమితులు ఎక్కువ. ఒకేసారి కనపడే నేల, పైకప్పు ముక్కలు 128 దాటితే ఆట మూసుకుపోయేది. వెనిల్లా అని రాసి ఉంటే ఆ హద్దుల్లోనే కట్టిన లెవెల్ అని అర్థం. లిమిట్ రిమూవింగ్ అంటే హద్దులు తీసేస్తే చాలు, కొత్త సదుపాయాలేవీ అక్కర్లేదు. బూమ్ అంటే కదిలే కన్వేయర్ నేలలు, చప్పుడు లేని టెలిపోర్టులు లాంటివి అదనంగా ఉంటాయి. ఆ తర్వాత బూమ్‌ను ఇంకా పెంచిన ఎమ్‌బీఎఫ్, 2021లో ఎమ్‌బీఎఫ్ 21 వచ్చాయి. జీజెడ్‌డూమ్ అని ప్రత్యేకంగా రాసి ఉంటే స్క్రిప్టులు, వాలు నేలలు, రంగు దీపాలు అన్నీ వాడారని. అలాంటిది జీజెడ్‌డూమ్ కుటుంబం బయటి ఇంజిన్లలో నడవదు.

బూమ్ లెవెల్‌ను వెనిల్లా ఇంజిన్‌లో వేస్తే ఆట తెరుచుకుంటుంది, అదే మోసం. గంటసేపు ఆడాక ఒక తలుపు తెరుచుకోదు, ఎందుకంటే ఆ తలుపును నడిపే సదుపాయమే ఆ ఇంజిన్‌లో లేదు. ఆడేవాళ్లు తాళం చెవి దొరకలేదనుకుని గోడ గోడా తడుముతుంటారు.

మీ లాప్‌టాప్‌కు ఏ ఇంజిన్? కర్నూల్లో నా దగ్గరికి సర్వీసుకొచ్చే సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌లలో ఎక్కువ రెండో తరం, మూడో తరం ఇంటెల్‌వే కాబట్టి ఇది అందరికీ పనికొస్తుంది. జీజెడ్‌డూమ్‌కు మామూలుగా ఓపెన్‌జీఎల్ (ఆట గ్రాఫిక్స్ కార్డుతో బొమ్మలు గీయించుకునే పద్ధతి) 3.3 కావాలి. విండోస్‌లో హెచ్‌డీ 4000 డ్రైవర్ 4.0 వరకు ఇస్తుంది, కాబట్టి మీకు ఇబ్బంది లేదు. రెండో తరంలో ఉండే హెచ్‌డీ 3000 అయితే 3.1 దగ్గరే ఆగిపోతుంది. అలాంటివాళ్లు పాత మెషీన్ల కోసం చేసిన ఎల్‌జెడ్‌డూమ్ గానీ, గ్రాఫిక్స్ కార్డు మీద భారం వేయని సాఫ్ట్‌వేర్ రెండరర్ ఉన్న డీఎస్‌డీఏ డూమ్ గానీ వాడాలి. విండోస్ కొత్తగా వేశాక ఇంటెల్ డ్రైవర్ వేయకుండా మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే డ్రైవర్‌తోనే వదిలేసిన మెషీన్లు కూడా చాలా వస్తుంటాయి. డివైస్ మేనేజర్‌లో ఆ పేరు కనపడితే ముందు డ్రైవర్ వేయండి, లేకపోతే మంచి కార్డున్నా ఓపెన్‌జీఎల్ లేదనే చెప్తుంది.

నా సలహా ఏమిటంటే రెండు ఇంజిన్లు పెట్టుకోండి. జీజెడ్‌డూమ్ అని అడిగే మాడ్స్‌కు, బ్రూటల్ డూమ్ లాంటివాటికి జీజెడ్‌డూమ్. వెనిల్లా నుంచి ఎమ్‌బీఎఫ్ 21 వరకు ఉన్న లెవెళ్లన్నిటికీ డీఎస్‌డీఏ డూమ్. రెండోది పాత మెషీన్లలో చాలా తేలిగ్గా నడుస్తుంది. కాంప్‌లెవెల్ అనే అంకెతో ఏ కాలం ఇంజిన్‌లా ప్రవర్తించాలో కూడా చెప్పొచ్చు. డూమ్ 2కు 2, అల్టిమేట్ డూమ్‌కు 3, ఫైనల్ డూమ్‌కు 4, బూమ్‌కు 9, ఎమ్‌బీఎఫ్‌కు 11, ఎమ్‌బీఎఫ్ 21కు 21. కొత్త వాడ్‌లలో చాలావాటికి ఆ అంకె లోపలే రాసి ఉంటుంది, ఇంజిన్ దానంతటదే తీసుకుంటుంది. పాతవాటికి మీరే ఇవ్వాలి.

ఇప్పుడు పెట్టుకునే పద్ధతి. డీ డ్రైవ్‌లో డూమ్ అని చిన్న ఇంగ్లీషు పేరుతో ఫోల్డర్ చేయండి. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో పెట్టొద్దు, అక్కడ సెట్టింగులు రాసుకోవడానికి విండోస్ అడ్డుపడుతుంది. తెలుగు అక్షరాలున్న ఫోల్డర్ పేర్లు కూడా వద్దు, పాత ఇంజిన్లు ఆ దారిని చదవలేవు. ఇంజిన్ జిప్‌ను అందులో విప్పి, ఐవాడ్‌లు రెండూ ఇంజిన్ పక్కనే పెట్టండి. మాడ్స్‌కు వేరే సబ్ ఫోల్డర్. అసలు ఐవాడ్ మీద ఏ ఫైలూ కాపీ చేసి రాయొద్దు. డూమ్ మాడ్ ఏదీ అలా అడగదు.

జీజెడ్‌డూమ్ మాడ్స్ వాడ్ బదులు పీకే3 అనే ఇంకో రకం ఫైలుగా రావచ్చు, దాన్ని విప్పకండి. అది లోపల జిప్పే గానీ ఇంజిన్‌కు అలాగే ఇవ్వాలి. చాలామంది విన్‌రార్‌తో విప్పేసి, లోపలున్న వందల ఫైళ్లలో దేన్ని లాగాలో తెలియక ఆగిపోతుంటారు. వాడ్ జిప్‌లో వస్తే మాత్రం విప్పండి. ఇంజిన్ ఐకాన్ మీదికి లాగి వదలడం ఒక్క ఫైలుకు బాగానే ఉంటుంది. రెండు మూడు కలిపినప్పుడు ఏది ముందు చేరుతుందో మన చేతిలో ఉండదు కాబట్టి బ్యాచ్ ఫైలు (డబుల్ క్లిక్ చేస్తే లోపలి ఆదేశం నడిచే చిన్న ఫైలు) రాసుకోండి. నోట్‌ప్యాడ్‌లో ఒకే ఒక్క వరుస. ఇక్కడ తెలుగులో రాస్తున్నా, మీరు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి.

డీఎస్‌డీఏ-డూమ్ -ఐవాడ్ డూమ్2.వాడ్ -ఫైల్ మాడ్స్\ఎవిటర్నిటీ.వాడ్ -కాంప్‌లెవెల్ 11

ఇంజిన్ పేరులోని గీతకు తప్ప, మిగతా ప్రతి మైనస్ గుర్తుకు ముందు ఖాళీ ఉండాలి, తర్వాత ఉండకూడదు. ఫైలు పేరులో ఖాళీ ఉంటే పేరంతా డబుల్ కోట్స్‌లో పెట్టాలి. పేరు చివర .bat అని పెట్టి సేవ్ చేయండి. అప్పుడు సేవ్ యాజ్ టైప్‌లో ఆల్ ఫైల్స్ ఎంచుకోకపోతే నోట్‌ప్యాడ్ చివర టెక్స్ట్ ఎక్స్‌టెన్షన్ తగిలించేస్తుంది, అప్పుడు డబుల్ క్లిక్ చేసినా నోట్‌ప్యాడే తెరుచుకుంటుంది. ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూలోకి వెళ్లి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ కనపడేలా పెట్టుకుంటే ఈ బాధ ఉండదు. జిప్‌లో డెహ్ ఎక్స్‌టెన్షన్‌తో ఇంకో ఫైలు (రాక్షసుల, ఆయుధాల లక్షణాలు మార్చేది) ఉంటే దాన్ని ఫైల్ తర్వాత కాదు, -డెహ్ అని విడిగా రాసి ఇవ్వాలి. ఇవన్నీ చేత్తో రాయడం ఇష్టం లేకపోతే డూమ్ రన్నర్, జెడ్‌డీఎల్ లాంటి లాంచర్లున్నాయి. వాటిలో ఫైళ్ల వరుస కంటికి కనపడుతుంది, పైకీ కిందికీ జరపొచ్చు.

ఆ వరుస ముఖ్యం. తర్వాత వచ్చిన ఫైలుదే పైచేయి. ఒకే పేరున్న బొమ్మో శబ్దమో రెండు ఫైళ్లలో ఉంటే చివరిదే నిలుస్తుంది. అందుకే సాధారణంగా లెవెళ్ల ఫైలు ముందు, ఆయుధాలూ రాక్షసులూ మార్చే మాడ్ తర్వాత పెడతారు.

మీ అసలు సమస్యకు వస్తే, ఎవిటర్నిటీ 2018లో వచ్చిన 32 లెవెళ్ల సంపుటి, ఎమ్‌బీఎఫ్ స్థాయిది. అందులో కొత్త రాక్షసులున్నారు. వాళ్లను డీహ్యాకెడ్ అనే పద్ధతిలో చేశారు. అంటే కొత్తగా సృష్టించలేదు, అసలు డూమ్‌లో ఉన్న వస్తువుల పట్టికలో కొన్ని గడులు తీసుకుని బొమ్మ, ప్రాణం, వేసే గుండు మార్చారు. బ్రూటల్ డూమ్ చేసేది ఇంకో పని. పాత రాక్షసి ఎక్కడ కనపడ్డా దాని స్థానంలో తనది పెట్టేస్తుంది. రెండూ ఒకే గడి మీద చెయ్యేస్తే ఎవిటర్నిటీ వాళ్ల పెద్ద రాక్షసి మామూలు రాక్షసిగా మారిపోవచ్చు, అసలు రాకపోనూవచ్చు. ఫలానా రాక్షసి చచ్చాకే తలుపు తెరుచుకోవాలని లెవెల్‌లో రాసి ఉంటే ఆ తలుపు ఇక తెరుచుకోదు. వరుస మార్చినా ఇది పోదు. ఎవిటర్నిటీని ఒంటరిగానే ఆడండి, దానికి బయటి హంగులేవీ అక్కర్లేదు.

బ్రూటల్ డూమ్‌కు జత కావాలంటే అసలు డూమ్ రాక్షసులే ఉన్న లెవెళ్లు చూసుకోండి. 2003లో వచ్చిన సైత్ మంచి జోడీ. 32 లెవెళ్లు, చాలావరకు చిన్నవి. మొదటి పది మరీ తేలిక, కరెంటు పోయేలోపు ఒకటి అయిపోతుంది. చివరి పది మాత్రం గట్టివి. 2001 నాటి ఏలియన్ వెండెట్టా కూడా ఈ కోవదే. సైత్ 2, వేలియంట్ మాత్రం సొంత రాక్షసులున్నవి, వాటిని బ్రూటల్‌తో కలపొద్దు. ఇంకోటి, బ్రూటల్‌లో మీ ఆయుధాలూ బలమైనవే, రాక్షసులు వేసే గుండ్లూ వేగమైనవే. లెవెల్ కట్టినవాళ్లు వేసుకున్న లెక్క తప్పుతుంది. ఒక లెవెల్ బాగుందా లేదా అని తేల్చాలంటే ముందు మాడ్ లేకుండా ఆడి చూడాలి.

మైహౌస్ అనే డూమ్ మాడ్ గురించి చాలామంది అడుగుతారు. 2023లో వచ్చింది. జిప్‌లో వాడ్, పీకే3 రెండూ ఉంటాయి. పీకే3నే జీజెడ్‌డూమ్‌లో డూమ్ 2 మీద వేయాలి. వాడ్ వేస్తే చిన్న ఇల్లొకటి చూసి ఇంతేనా అనుకుని మూసేస్తారు. ఇంతకంటే ఏమీ చెప్పను, దాని గురించి ఏమీ చదవకుండా ఆడడమే మంచిది.

ఆడేటప్పుడు జీజెడ్‌డూమ్‌లో కొన్ని మార్చుకోవాలి. మొదటిది, దూకడం, వంగడం. పాత డూమ్‌లో ఈ రెండూ లేవు. జీజెడ్‌డూమ్‌లో ఉంటాయి. పాత లెవెల్‌లో దూకితే దాటకూడని గోడ దాటి, వెనక్కి రావడానికి దారి లేనిచోట పడతారు. గేమ్‌ప్లే ఆప్షన్స్‌లో రెండూ ఆపేయండి, టెక్స్ట్ ఫైలులో దూకొచ్చు అని రాసి ఉంటేనే పెట్టండి. రెండోది, కష్టం స్థాయి. ఈమధ్య వచ్చే వాడ్‌లలో నాలుగోదైన అల్ట్రా వయలెన్స్, ఏళ్ల తరబడి ఆడుతున్నవాళ్ల కోసం కట్టింది. రెండోదో మూడోదో పెట్టుకోండి, అందులో చిన్నతనమేమీ లేదు. మూడోది, లెవెల్ మొదట్లో చేతిలో పిస్తోలు మాత్రమే ఉంటుందనుకుని చాలామంది లెవెళ్లు కడతారు. డీఎస్‌డీఏ డూమ్‌లో -పిస్టల్‌స్టార్ట్ అని ఇస్తే ప్రతి లెవెలూ అలాగే మొదలవుతుంది. ముందు లెవెల్ నుంచి తెచ్చుకున్న రాకెట్లతో పోతే లెవెల్ అసలు రుచి తెలీదు.

సేవ్ చేసిన ఆటకు అది ఏ ఫైళ్లతో మొదలైందో గుర్తుంటుంది. మధ్యలో మాడ్ తీసినా, కొత్తది కలిపినా, వెర్షన్ మార్చినా ఆ సేవ్ తెరుచుకోదు, తెరుచుకున్నా తేడాగా ఉంటుంది. మొదలుపెట్టిన జతతోనే పూర్తి చేయండి.

ఆట నత్తనడక నడుస్తుంటే ముందు రిజల్యూషన్ తగ్గించండి. జీజెడ్‌డూమ్ కన్సోల్‌లో (ఆటలోనే ఆదేశాలు టైప్ చేసే చోటు) విడ్_స్కేల్‌ఫ్యాక్టర్ 0.5 అని కొడితే లోపల సగం సైజులో గీసి తెరకు సరిపెడుతుంది, హెచ్‌డీ 4000 మీద తేడా వెంటనే తెలుస్తుంది. ఫ్రేములు 60 దగ్గర ఆపండి. డూమ్ లోపలి లెక్కలు నడిచేది సెకనుకు 35 సార్లే, ఆపైన గీసేదంతా కదలిక నున్నగా కనపడడానికే. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, కడప ఎండలకు, ముఖ్యంగా రేకుల ఇళ్లలో, హద్దు పెట్టకుండా వదిలేస్తే ప్రాసెసర్ వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. పది నిమిషాలు బాగా నడిచి తర్వాత ముక్కలు ముక్కలుగా ఆడితే అది మాడ్ తప్పు కాదు. ఫ్యాన్ జాలీలో పేరుకున్న దుమ్ము తీయించండి. వేల రాక్షసులున్న లెవెళ్లు మాత్రం ఎంత కార్డున్నా నెమ్మదిస్తాయి, ఎందుకంటే వాళ్ల కదలికల లెక్కంతా ప్రాసెసర్‌లో ఒకే కోర్ మీద పడుతుంది.

క్వేక్ సంగతి కొంచెం తేలిక. అక్కడ వరుస గొడవ లేదు, ప్రతి మాడ్‌కూ ఒక ఫోల్డర్. అసలు ఆట ఐడీ1 ఫోల్డర్‌లో పాక్0, పాక్1 అని రెండు ఫైళ్లుగా ఉంటుంది. పాక్1 లేకపోతే అది షేర్‌వేర్, మాడ్స్ ఎక్కవు. 2021 రీ-రిలీజ్ కొన్నవాళ్లు దాని కొత్త పాక్ కాకుండా, అదే ఇన్‌స్టాలేషన్‌లో ఉన్న పాత ఐడీ1 ఫోల్డర్ ఫైళ్లు తీసుకోండి. ఇంజిన్ విషయంలో మీరు జాగ్రత్తపడాలి. అందరూ చెప్పే ఐరన్‌వేల్‌కు ఓపెన్‌జీఎల్ 4.3 కావాలి, వీకేక్వేక్‌కు ఓపెన్‌జీఎల్ లాంటిదే అయిన వల్కన్ కావాలి. విండోస్‌లో హెచ్‌డీ 4000కు ఆ రెండూ లేవు. మీకు క్వేక్‌స్పాజమ్ సరిపోతుంది.

ఆర్కేన్ డైమెన్షన్స్ అనే క్వేక్ మాడ్‌తో మొదలుపెట్టండి. ఫోల్డర్ పేరు ఏడీ అనే రెండు అక్షరాలే ఉండాలి, ఐడీ1 పక్కన ఉండాలి, లోపల కాదు. విండోస్‌లో విప్పితే ఏడీలో ఇంకో ఏడీ తయారవడం మామూలే. బయటి ఏడీ తెరవగానే పాక్ ఫైలో, మ్యాప్స్ ఫోల్డరో కనపడాలి. -గేమ్ ఏడీ అని ఇచ్చి నడిపి, కన్సోల్‌లో మ్యాప్ స్టార్ట్ అని కొడితే తలుపులున్న హాలొకటి వస్తుంది, అక్కణ్నుంచి లెవెల్ ఎంచుకోవచ్చు. పాక్ ఫైళ్లను ఇంజిన్ 0 నుంచి వరుసగా చదువుతుంది. మధ్యలో ఒక నంబరు లేకపోతే అక్కడే ఆపేస్తుంది, తర్వాతివి ఉన్నా చూడదు. పాట రాకపోతే ఐడీ1లో మ్యూజిక్ అనే ఫోల్డర్ చేసి ట్రాక్‌లు 02 నుంచి ఓజీజీ ఫైళ్లుగా పెట్టండి.

హాఫ్-లైఫ్‌కూ ఫోల్డరే. మన ఊళ్లలో నెట్ సెంటర్లలో ఆడిన కౌంటర్ స్ట్రైక్ కూడా 1999లో హాఫ్-లైఫ్ మాడ్‌గా పుట్టిందే. మాడ్ ఫోల్డర్‌ను వాల్వ్ ఫోల్డర్ పక్కన పెట్టాలి, అందులో లిబ్‌లిస్ట్.గామ్ అనే ఫైలు నేరుగా కనపడాలి. స్టీమ్ పూర్తిగా మూసి తెరిస్తే లైబ్రరీలో మాడ్ పేరు వస్తుంది. 2023 నవంబరులో ఆటకు పాతికేళ్లయిన సందర్భంగా వచ్చిన అప్‌డేట్ తర్వాత కొన్ని పాత మాడ్స్ మొరాయించాయి. అలాంటప్పుడు ఆట ప్రాపర్టీస్‌లో బీటాస్‌కు వెళ్లి స్టీమ్_లెగసీ ఎంచుకుంటే పాత బిల్డ్ వస్తుంది.

ఒక జాగ్రత్త. డూమ్ మాడ్ అంటే వాడ్, పీకే3, డెహ్, టెక్స్ట్, అంతే. ఇన్‌స్టాలర్ నడపమన్నా, పాస్‌వర్డ్ ఉన్న రార్ ఇచ్చినా ముట్టుకోవద్దు. పెన్‌డ్రైవ్‌లో చేతులు మారే అన్ని మాడ్స్ ఒకేచోట అనే ప్యాకులూ అంతే, మెషీన్ ఫార్మాట్ చేయాల్సి వచ్చేది వాటితోనే. హాఫ్-లైఫ్ మాడ్స్‌లో డీఎల్ఎల్ ఫైళ్లు (ప్రోగ్రామ్ కోడ్ ఉండేవి) సహజంగానే ఉంటాయి కాబట్టి, అవి తయారుచేసినవాళ్లు పెట్టిన చోటు నుంచే దించుకోండి.

ఇంకా ఆగిపోతుంటే జీజెడ్‌డూమ్ బ్యాచ్ వరుస చివర ప్లస్ గుర్తుతో +లాగ్‌ఫైల్ లాగ్.టీఎక్స్‌టీ అని చేర్చి నడపండి. ఆగిపోయాక ఆ ఫైలులో చివరి ఇరవై వరుసలు, మీ బ్యాచ్ వరుస, ఐవాడ్ సైజు, ఈ మూడూ ఇక్కడ పెట్టండి. టెక్స్చర్ దొరకలేదని ఉంటే ఐవాడ్ తప్పో, పక్కన కలపాల్సిన వాడ్ మర్చిపోయారో అయ్యుంటుంది. స్క్రిప్ట్ ఎర్రర్ అని ఉంటే మాడ్‌కూ ఇంజిన్ వెర్షన్‌కూ పొసగలేదని, టెక్స్ట్ ఫైలులో చెప్పిన వెర్షన్ దించుకుని దాన్ని విడి ఫోల్డర్‌లో పెట్టి చూడండి.